బాపు పంపిన పొట్టి సైకిలు

ఈసారి దసరా సెలవులకు కోరుట్లకు పోయినప్పుడు మా ఇంట్లో సైకిలు గురించి పెద్ద చర్చ నడిచింది. నా కూతురు నిత్యకు గేర్ల సైకిలు కావాలట. హైదరాబాదులో మా అపార్ట్‌మెంటు చుట్టూ నాలుగు చక్కర్లు కొట్టడానికి గేర్లెందుకని నేను అడిగితే, అది సమాధానం చెప్పకుండా వాళ్ల తాత పక్కన పోయి కూర్చుంది. తాత అంటే మా బాపు. దుబాయి నుంచి వచ్చేసి చాలా కాలమైంది కానీ మనవరాలి విషయంలో ఇంకా గల్ఫు కార్గో పంపేవాడిలాగే ఉంటాడు, అడిగిందల్లా డబ్బాలో పెట్టేయాలంటాడు. సరేనని నేను ఫోనులో ఒక దుకాణం తెరిచాను. రంగు అడిగింది, చక్రం అడిగింది, తరువాత నడిపేవారి ఎత్తెంత అని అడిగింది. బాపు కళ్లజోడు తీసి అంగి అంచుతో తుడుచుకున్నాడు. "గిది మంచి షాపే. అడగాల్సింది అడుగుతున్నది" అన్నాడు. ఫోను దుకాణాలను అంతవరకు దొంగల కింద జమకట్టిన మనిషి ఆ మాట అనేసరికి నాకు, వంటింట్లో ఉన్న అమ్మకు ఒకేసారి నవ్వొచ్చింది. సైకిలు, ఎత్తు అనే రెండు మాటలు మా ఇంట్లో ఒక్కచోట వినబడితే ఎవరూ నవ్వకుండా ఉండలేరు. ఆ నవ్వుకు కారణమైన వస్తువు మా అటక మీద గోనెసంచి కప్పుకొని ఇప్పటికీ ఉంది. ఆ ఫోనుకు ఏం సమాధానం చెప్పామన్నది తరువాత చెప్తాను.

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా ఇంటికి పెద్ద మా నాయినమ్మ. పొద్దున లేచి వాకిలి ఊడ్చి, చాయ తాగి, చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టడానికి కూర్చుందంటే ఇల్లు మొత్తం ఆమె కనుసన్నల్లో నడవాల్సిందే. అమ్మ కూడా పక్కనే కూర్చునేది. రాత్రి తడిపి బట్టలో చుట్టిపెట్టిన తునికాకు, దాని పక్కన తంబాకు. ఆ రెండూ కలిసిన వాసన మా ఇంట్లో గోడలకు, దుప్పట్లకు, నా కాలేజీ పుస్తకాలకు కూడా పట్టేసింది. జగిత్యాలలో కాలేజీ బెంచీ మీద పుస్తకం తెరిస్తే పక్కనున్న పిల్ల ముక్కు ఎగబీల్చి, "మీ ఇంట్ల గూడ బీడీలేనా" అని అడిగేది. వాళ్లింట్లో కూడా బీడీలే కాబట్టి నాకేమీ అనిపించేది కాదు. నాయినమ్మ ఆకును రేకు పెట్టి కత్తిరించేది. రేకు ఎంతుంటే ఆకు అంతే ఉండాలి, కొంచెం ఎక్కువైనా తక్కువైనా కార్ఖానాలో బీడీ పక్కకు తీసేస్తారు. అందుకే ఆమెకు కొలత తప్పినవేవీ నచ్చేవి కావు. తన కొడుకు దుబాయి నుంచి పంపే బట్టలు మాత్రం ఆమె లెక్కలోకి వచ్చేవి కావు.

ఎందుకంటే బాపు పంపిన ప్రతిదీ నాకు పెద్దదే. గౌను పంపితే అది నైటీ అయ్యేది. బూట్లు పంపితే ముందు దూది కుక్కి ఏడాది తొడిగేదాన్ని. ఒకసారి పంపిన స్వెట్టరును చలికాలంలో అమ్మ, నేను వంతులేసుకొని వేసుకున్నాం. ఎవరైనా నవ్వితే నాయినమ్మ ఊరుకునేది కాదు. "ఎదిగే పిల్ల. పెద్దగనే ఉండాలె" అని కొట్టిపారేసేది. నేను ఎంత ఎదిగానో బాపుకు తెలిసే దారి కూడా లేదు. నేను ఏడో తరగతిలో ఉండగా వెళ్లినవాడు మళ్లీ రాలేదు. ఒక కంపెనీ మూతపడి, ఇంకో కంపెనీలో కుదురుకునేసరికి ఇంటికి రావాల్సిన సెలవులు అట్లా అట్లా పోయాయి. మేము పంపిన ఫొటోలన్నీ కాలేజీ దరఖాస్తులకు తీయించగా మిగిలిన పాస్‌పోర్టు సైజువి. వాటిల్లో ముఖం తప్ప మనిషి ఉండదు. శుక్రవారం శుక్రవారం ఫోను వచ్చేది. అమ్మ స్పీకరు పెట్టేది. నాయినమ్మ మాత్రం తన గొంతు దుబాయి దాకా పోవాలి కదా అని పక్క వీధి వాళ్లకు కూడా వినబడేట్టు మాట్లాడేది.

సైకిలు పిచ్చి నాకు సిరిసిల్లలో పట్టుకుంది. అక్కడ మా మేనత్త ఉండేది. అత్తమ్మ ఇంట్లో నాలుగు మరమగ్గాలు, వాటి చప్పుడులో ఒకరు చెప్పింది ఒకరికి వినబడాలంటే అరవాల్సిందే. అందుకే కరెంటు పోయి మగ్గాలు ఆగినా వాళ్లింట్లో ఎవరూ గొంతు తగ్గించరు. ఆ ఎండాకాలం పోయేసరికి అత్తమ్మ కొడుకు శీను బావ కొత్త సైకిలు మీద వీధిలో ఊరేగుతున్నాడు. దానికి ముందు స్ప్రింగులు, వెనక స్ప్రింగు, పద్దెనిమిది గేర్లు. బావ కావాలని స్పీడ్ బ్రేకర్ల మీదుగా పోతూ, సైకిలు పైకీ కిందికీ ఊగుతుంటే పెండ్లికొడుకులా నవ్వేవాడు. నేను ఒక్కసారి ఇవ్వమంటే, "గిది ఆడివిల్లలకు ఆగది రజితా. పద్దెనిమిది గేర్లు. నీకు లెక్కవెట్టుడు గూడ రాదు" అన్నాడు. నేను ఇంటర్‌లో లెక్కలు తీసుకున్న పిల్లను. బావకేమో పదో తరగతిలో ఆ లెక్కలే తప్పాయి. కానీ మేనబావ మరదలిని ఆటపట్టిస్తే మధ్యలో వచ్చి న్యాయం చెప్పేవాళ్లు మా వైపు ఎవరూ ఉండరు. అత్తమ్మ కూడా నవ్వి ఊరుకుంది.

కోరుట్లకు తిరిగొచ్చి ఈ సంగతి యూసుఫ్‌కు చెప్పాను. యూసుఫ్ మా క్లాసువాడే, మా వీధి చివర సైకిలు దుకాణం నడిపే ఖాజా చాచా కొడుకు. ఇద్దరం ఒకే బస్సులో జగిత్యాలకు పోయేవాళ్లం. వాడికి టీవీలో ఆటల చానెళ్లు చూడటమే పని. నా మాట విని గంభీరంగా తల ఊపి, డ్యూయల్ స్లాలమ్ అనే పందెం ఒకటుందని చెప్పాడు. గుట్ట మీంచి కిందికి రెండు వరుసల్లో జెండాలు పాతుతారు. ఒక్కో వరుసలో ఒక్కొక్కరు, ఇద్దరూ ఒకేసారి బయలుదేరి ఒక జెండాకు కుడి నుంచి, ఇంకోదానికి ఎడమ నుంచి మెలికలు తిరుగుతూ దిగాలి. తరువాత వరుసలు మార్చుకొని మళ్లీ దిగాలి. రెండుసార్లూ కలిపి ఎవరు ముందుంటే వాళ్లు గెలిచినట్టు. "గీ పందెంల మీ బావ స్ప్రింగులు పనికిరావు" అన్నాడు యూసుఫ్. "మెలిక దిప్పంగ వెనక స్ప్రింగు మెత్తగ కూసుంటది. సైకిల్ జారుతది. వెనక గట్టిగుండాలె, సీటు కిందికుండాలె, చట్రం పొట్టిగుండాలె. గప్పుడే మన మాట ఇంటది." వాడు అంతవరకు ఆ పందెంలో దిగింది లేదు, అట్లాంటి సైకిలును ముట్టుకున్నది కూడా లేదు. అయినా వాడు చెప్పే తీరు చూస్తే కప్పులన్నీ ఇంట్లో పెట్టుకొని వచ్చాడేమో అనిపించేది.

మేమిద్దరం ఒక మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి జగిత్యాలలో ఒక సైకిళ్ల దుకాణానికి పోయాం. కొనడానికి కాదు, బాపుకు ఏం చెప్పాలో తెలుసుకోవడానికి. దుకాణదారు మమ్మల్ని చూడగానే గుర్తుపట్టాడు, మావి కొనే ముఖాలు కావని. అయినా పాపం పొద్దుపోని సమయం, మాట్లాడటానికి మనుషులు దొరికారని అన్నీ చూపించాడు. ఏ సైకిలు దగ్గరికి పోయినా ఒకటే మాట. "స్ప్రింగులు ఎన్నుంటె గంత మంచిది. గేర్లు ఎన్నుంటె గంత మంచిది. బరువెంతుంటె గంత మంచిది." వెనక స్ప్రింగు లేనిది కావాలని యూసుఫ్ అడిగితే, ఆయన జాలిగా చూసి, "పైసలు తక్కువున్నయా బాబూ" అన్నాడు. నేను ఒక దాని మీద కాలు వేసి చూశాను. చట్రం పొడుగు, కాళ్లు నేలకు ఆనలేదు. అయినా ఆయన, "ఎదిగే పిల్ల గదా, గిదే తీస్కో" అన్నాడు. మా నాయినమ్మ జగిత్యాలలో కూడా ఒక శాఖ తెరిచిందా అనిపించింది నాకు.

ఇంట్లో అంతకంటే కష్టమైంది. ఆడపిల్లకు సైకిలెందుకని నాయినమ్మ అనలేదు, అది చెప్పాలి. ఆమె అడిగిందల్లా వెనక క్యారియర్ ఉండాలి, స్టాండు ఉండాలి, చైనుకు రేకు ఉండాలి, బెల్లు గట్టిగా మోగాలి. క్యారియర్ ఉంటే చుట్టిన బీడీలను కార్ఖానాకు తీసుకుపోవచ్చని ఆమె లెక్క. గుట్ట మీంచి మెలికలు తిరుగుతూ దిగే సైకిలుకు క్యారియర్ ఉండదని నేను చెప్తే, "మరి గది సైకిలెట్లయితది" అంది. శుక్రవారం ఫోను వచ్చినప్పుడు నేను స్పీకరు తీసేసి, వాకిట్లోకి పోయి, బాపుకు అన్నీ అప్పజెప్పాను. చివర గట్టిగా ఒకటి చెప్పాను. "బాపూ, పెద్దది పంపకు. ఎదిగే పిల్ల అనకు. ఈసారి చిన్నది పంపు." బాపు, "సరె బిడ్డా, చిన్నదే పంపుత" అన్నాడు. ఆ మాటను ఆయన ఎట్లా పట్టుకున్నాడో నాకప్పుడు తెలియదు.

ఇంతలో సమ్మె మొదలైంది. తెలంగాణ కోసం అందరూ పనులు ఆపేసిన రోజులవి. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి, కాలేజీకి తాళం, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. కోరుట్ల చౌరస్తాలో దీక్షల టెంటు. పొద్దున టీచర్లు కూర్చుంటే సాయంత్రం దాకా పాటలు, ఉపన్యాసాలు. మధ్యాహ్నం రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటలు. మేము పదిమందితో కలిసి రోడ్డు మీద కూర్చొని తింటుంటే అమ్మ, "ఇంట్ల పెడితె తినరు, గీడ ఆకులు గూడ నాకుతున్నరు" అనేది. ఆ గొడవల్లోనే మా సైకిలు వచ్చింది. బాపుతో ఒకే గదిలో ఉండే పెగడపల్లి రాజన్న మామ సెలవు మీద వస్తూ తన సామానుతో పాటు దాన్ని డబ్బాలో పెట్టుకొచ్చాడు. హైదరాబాదు నుంచి జీపులో బయలుదేరినవాడు దారిపొడుగునా ప్రతి రాస్తారోకో దగ్గర ఆగి, దుబాయి నుంచి వస్తున్నానని చెప్పి, జై తెలంగాణ అని, వాళ్లు పెట్టింది తిని వచ్చాడట. డబ్బా దింపుతూ, "అక్కా, నాకు బువ్వ వెట్టకు. నేను పొద్దటిసంది తింటనే ఉన్న" అన్నాడు.

డబ్బాను ఖాజా చాచా దుకాణంలో విప్పాం. వీధి సగం అక్కడే ఉంది. చాచాకు నల్లటి పెద్ద సైకిలు తప్ప మిగతావన్నీ ఆటబొమ్మలే. హ్యాండిలు బిగించాడు, చక్రాలు ఎక్కించాడు, దూరం జరిగి చూశాడు. "బేటీ, గీ సైకిల్‌కు ఒంటి మీద బట్టలే లేవు" అన్నాడు. అంటే మడ్‌గార్డు లేదు, చైను రేకు లేదు, క్యారియర్ లేదు. నాకు మాత్రం సంతోషం. వెనక స్ప్రింగు లేదు, సీటు కిందికుంది, టైర్లకు గట్టి పళ్లున్నాయి. బాపు నా మాట ప్రతిదీ విన్నాడు. తరువాత దాని మీద కూర్చున్నాను. మోకాళ్లు హ్యాండిలుకు తగిలాయి. సీటును పైకి లాగినా అది ఎంతో లేవలేదు. చక్రాలు మామూలువే, చట్రం మాత్రం పన్నెండేళ్ల పిల్లకు చేసింది. చిన్నది పంపమన్నాను, పంపాడు. కానీ ఎప్పటిలా పెద్దది కాకుండా, తనకు గుర్తున్న నా ఎత్తుకు సరిగ్గా సరిపోయేది తీసుకున్నాడని రాజన్న మామ చెప్తే తెలిసింది. "షాపోడు పిల్ల ఎత్తెంత అన్నడు. మీ బాపు గిట్ల చెయ్యి వెట్టి సూపెట్టిండు" అని మామ తన అంగి పై గుండీ దగ్గర చెయ్యి పెట్టాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నేను కూడా నవ్వాను, కానీ ఇంటికొచ్చాక ఏడ్చాను.

నాయినమ్మ ఆ సాయంత్రమే తీర్పు చెప్పింది. కొలతకు రానిది పక్కకు తీసేయాలి. ధర్మపురిలో మా మేనమామ కొడుక్కు పన్నెండేళ్లు, వాడికి సరిగ్గా సరిపోతుంది, సమ్మె కాగానే పంపేద్దాం. దుబాయికి మాత్రం ఈ సంగతి తెలియకూడదు. "వానికి బాగున్నదని చెప్పు. ఆడెక్కడో ఒక్కడుంటడు, గీ మాట యినకూడదు" అంది. ఆమె చెప్పింది తప్పని నేను అనలేదు. కానీ శుక్రవారం బాపు అడిగే మొదటి మాట నాకు తెలుసు, సైజు సరిపోయిందా అని అడుగుతాడు. సరిపోయిందని అబద్ధం చెప్పి, ధర్మపురిలో ఇంకొకరు తొక్కే సైకిలు గురించి ప్రతి వారం కథలు అల్లడం నాకు చేతకాదు. సరిపోలేదని చెప్తే ఆయనకు తెలిసేది సైకిలు పొట్టిదని మాత్రమే కాదు. కూతురు ఎంతుంటుందో తనకు తెలియదని కూడా తెలుస్తుంది. అది ఆయనకు తెలియకూడదని నాకు చాలా గట్టిగా అనిపించింది. అందుకే నాయినమ్మతో బేరం పెట్టాను. మా ఊరి గుట్ట మీద యూసుఫ్ చెప్పిన పందెం పెట్టి, దీని మీద శీను బావను ఓడిస్తే సైకిలు నాది, ఓడితే ధర్మపురిది. నాయినమ్మకు సైకిలు సంగతి ఎట్లున్నా, సిరిసిల్ల మనవడు, కోరుట్ల మనవరాలు పోటీపడటం బాగా నచ్చింది. కాకపోతే పందెం నాడు క్యారియర్, స్టాండు ఉండాలంది. చాచా సంతోషంగా బిగించాడు.

ఆ రోజుల్లో ఊళ్లో ఏం చేసినా ఉద్యమంలో భాగంగా చేయాలి. రోడ్డు మీద కబడ్డీ ఆడినా, క్షవరం చేయించుకున్నా అది నిరసనే. యూసుఫ్ టెంటుకు పోయి, గుట్ట మీద సైకిళ్ల పందెం పెడతామని అడిగాడు. మా లెక్కల సారే అక్కడ పెద్ద. "తెలంగాణకు, దీనికి సంబంధమేంది" అని అడిగారు సారు. యూసుఫ్ తడుముకోకుండా గాలిలో వేలితో రెండు దారులు గీసి చూపించాడు. "సార్, రెండు తొవ్వలుంటయి. ఎవల తొవ్వ వాళ్లదే. ఒకల తొవ్వల ఒకలు రావద్దు" అన్నాడు. సారు నవ్వి మైకు కూడా ఇప్పిస్తానన్నారు. జెండాలకు గుడ్డ అత్తమ్మ పంపింది, మగ్గాల కింద మిగిలిన ముక్కలు. బావ ఆ మూటను తన పద్దెనిమిది గేర్ల సైకిలుకు కట్టుకొని సిరిసిల్ల నుంచి వేములవాడ మీదుగా తొక్కుకుంటూ వచ్చాడు. బస్సుల్లేని రోడ్డు మొత్తం తనదేనని వచ్చినవాడు, నా సైకిలును చూసి దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. "రజితా, దీనికి పాలు తాపిచ్చినవా" అన్నాడు.

పందెం బతుకమ్మ రోజుల్లో జరిగింది. గుట్ట మీద తంగేడు చెట్లకు ఒక్క పువ్వు లేదు, ఆడవాళ్లు అంతా కోసుకుపోయారు. కింద ఒక పక్క మనిషెత్తు మక్కజొన్న చేను, ఇంకో పక్క పసుపు. టెంటులో ఉండాల్సిన సగం మంది గుట్ట కింద ఉన్నారు, నాయినమ్మ ఒళ్లో చాటతో సహా. మైకులో సారు, "ఈ దిక్కు సిరిసిల్ల, ఆ దిక్కు కోరుట్ల" అన్నారు. మొదటిసారి దిగినప్పుడు నాకు ముందు ఏమీ కనబడలేదు, వినబడింది మాత్రం క్యారియర్ గలగల. మూడో జెండా దగ్గర మెలిక తిరుగుతుంటే స్టాండు ఊడి కింద రాళ్లకు కొట్టుకుంది. పడలేదు కానీ కాలు ఆనించాల్సి వచ్చింది. బావ నాకన్నా బాగా ముందే దిగి, వెనక స్ప్రింగు మీద ఊగుతూ నా కోసం ఎదురుచూస్తున్నాడు. నేను కిందికొచ్చేసరికి నాయినమ్మ చాట పక్కన పెట్టి లేచింది. స్టాండును చూసింది, క్యారియర్‌ను చూసింది. "ఖాజా, గవన్నీ ఇప్పెయ్యి" అంది. చాచా ఆమె వైపు బాధగా చూశాడు. "అమ్మా, నువ్వే పెట్టమంటివి గద" అన్నాడు. "అంటి. ఇప్పుడు ఇప్పమంటున్న" అంది నాయినమ్మ.

రెండోసారి వరుసలు మారాయి. బట్టలన్నీ విప్పేసిన ఆ సైకిలు నేను ఎటు వంగితే అటు తిరిగింది. దాని మీద కూర్చోవడమే కష్టం గాని, దిగేటప్పుడు ఎవరూ కూర్చోరు, పెడళ్ల మీద లేచి నిలబడతారు. నిలబడితే అది పొట్టిదన్న సంగతే మరిచిపోయాను. సీటు ఎక్కడా అడ్డం రాలేదు, హ్యాండిలు చేతి కిందే ఉంది. యూసుఫ్ టీవీలో చూసి చెప్పిందంతా నిజమేనని ఆ గుట్ట మీదనే తెలిసింది. ఆ సంగతి వాడికి మాత్రం చాలా ఏళ్లు చెప్పలేదు. ఒక్కో జెండాను దాదాపు భుజంతో తాకుతూ దిగాను. పక్క వరుసలో బావ ముందు బాగానే ఉన్నాడు. సగం దిగాక ఆ పొడుగు సైకిలు మెలిక మెలికకూ దూరం పోతూ వచ్చింది. చివరి జెండా దగ్గర బావ తిప్పాడు, సైకిలు తిరగలేదు. తిన్నగా మక్కచేనులోకి పోయింది. చేను కదులుతూ కనబడింది, బావ కనబడలేదు. మైకులో సారు, "సిరిసిల్ల క్షేమమేనా" అని అడిగారు. కాసేపటికి బావ జుట్టు నిండా మక్క పూత రాలించుకొని బయటికొచ్చేసరికి, రెండుసార్లూ కలిపి కోరుట్లే గెలిచిందని సారు చెప్పేశారు. ఆ జెండాను ఎవరో జరిపారన్నాడు బావ. ఆయనకు తరువాత వేములవాడ అమ్మాయితో పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, మగ్గాలు ఎనిమిదయ్యాయి. ఇప్పటికీ ఎక్కడ కలిసినా ఆ జెండా సంగతి ఎత్తకుండా అన్నం తినడు.

ఆ సాయంత్రం నాయినమ్మ నన్ను పిలిచి సైకిలు మీద కూర్చోమంది. మళ్లీ దిగి నిలబడమంది. కత్తెర పక్కన పెట్టి, రేకు మీద ఆకు పెట్టినట్టు నన్ను, సైకిలును మార్చి మార్చి చూసింది. "సరిపోయింది" అంది. ధర్మపురి మాట మళ్లీ ఎత్తలేదు. శుక్రవారం ఫోను వచ్చింది. బాపు అడిగిన మొదటి మాట అదే. "సైజు సరిపోయిందా బిడ్డా?" నేను, "మంచిగ సరిపోయింది బాపూ. బావను ఓడగొట్టిన" అన్నాను. దాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. బాపు చాలాసేపు నవ్వాడు. తరువాత, "నాకెర్కే. నీ ఎత్తు నాకు యాదికుండదా. నా అంగి పై గుండీ కాడికి అస్తవు" అన్నాడు. అప్పటికి నేను అమ్మ కంటే పొడుగున్నాను. అమ్మ ముఖం తిప్పుకొని వంటింట్లోకి పోయింది. నాయినమ్మ మాత్రం ఎప్పటిలాగా అరిచి చెప్పింది. "గంతనే ఉన్నది కొడుకా. ఏం మారలే."

మరుసటి ఏడు బాపు వచ్చాడు. బండి దిగి ముందు నాయినమ్మ కాళ్లు మొక్కి, నా వైపు తిరిగి చెయ్యి చాచాడు. తల నిమరడానికి చాచిన చెయ్యి తన పై గుండీ ఎత్తులోకి వచ్చింది. అక్కడ నా భుజం ఉంది, తల లేదు. ఆ చెయ్యి అక్కడే కాసేపు ఆగింది. ఏం చేయాలో తెలియక భుజం మీద తట్టి, "మస్తు పెరిగినవు గదా" అన్నాడు. వాకిట్లో ఆనించి ఉన్న సైకిలును చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. ఆ సెలవులో రోజూ పొద్దున దాన్ని తుడిచి, చైనుకు నూనె వేసేవాడు. తిరిగిపోయేటప్పుడు గోడ దగ్గర నన్ను నిలబెట్టి, తలమీద స్కేలు పెట్టి, పెన్సిలుతో గీత గీశాడు. అదే నా పెరుగుదలలో చివరి గీత కూడా అయింది, ఆ తరువాత నేను పెరగలేదు.

ఇప్పుడు కోరుట్ల జగిత్యాల జిల్లాలోది, సిరిసిల్ల తానే ఒక జిల్లా. అప్పుడు మేము అడిగిన రాష్ట్రం వచ్చి, దానిలో పుట్టిన పిల్లలు గేర్ల సైకిళ్లు అడిగే వయసుకొచ్చారు. మా గుట్ట సగం కంకరయింది. నాయినమ్మ లేదు, ఆమె చాట ఉంది, అమ్మ దాంట్లో బియ్యం చెరుగుతుంది. తండ్రులు ఇప్పుడు కూడా దుబాయికి పోతూనే ఉన్నారు, కానీ పిల్లలను రోజూ ఫోనులో చూస్తారు. మా పక్కింటి పిల్ల అన్నం తింటుంటే వాళ్ల నాయిన అక్కడి నుంచి కూర ఇంకా వేసుకోమని చెప్తాడు. మంచిదే అనిపిస్తుంది. మా కాలమే గొప్పదని నేను అనను, ముఖం మాత్రమే ఉన్న ఫొటోలను ఎవరూ మళ్లీ కోరుకోనక్కరలేదు. కాకపోతే ఆ ఫోనుల్లో కూడా కనబడేది ఎక్కువగా ముఖమే.

ఇంతకీ ఫోను దుకాణం ఎత్తడిగింది కదా. నిత్య అప్పటికే తాత పక్క నుంచి లేచిపోయి మిద్దె మీద ఆడుకుంటోంది. నేను అలవాటుగా చెయ్యి చాచి, "ఇంతుంటది కదా" అని గాలిలో కొలత పెట్టాను. బాపు నా చెయ్యి పట్టుకొని కిందికి దించాడు. "చెయ్యి వెట్టి చెప్పకు. పిల్లను పిలువు" అన్నాడు. నిత్య దిగి వచ్చింది. బాపు కుర్చీలోంచి లేచి నిటారుగా నిలబడి, దాన్ని తన ఎదురుగా నిలబెట్టుకున్నాడు. చెప్పులు విప్పమన్నాడు, తల ఎత్తొద్దన్నాడు. దాని నడినెత్తి మీద చెయ్యి బల్లపరుపుగా పెట్టి, కదిలించకుండా నెమ్మదిగా తన వైపు తెచ్చుకున్నాడు. చెయ్యి అంగి పై గుండీకి ఆనింది. ఆయన గుండీని చూసుకున్నాడు, నన్ను చూశాడు. ఫోనులో ఎత్తు రాయాల్సిన గడిలో చిన్న గీత ఇంకా మిణుకుమంటూ సమాధానం అడుగుతోంది.

"దాన్ని బందువెట్టు" అన్నాడు బాపు. "అటక మీది సైకిలు దించు."